అమెరికా అల్లుడు, కొడవలూరు పెదనాన్న: రెండు పాటల సినిమాలు చెప్పే వలస కథ

ఈ ఎపిసోడ్ కొడవలూరులో మా ఇంట్లోనే రికార్డ్ చేస్తున్నాను. మధ్యలో రైలు కూత వినపడితే సర్దుకోండి. నెల్లూరు నుంచి విజయవాడ వైపు పోయే బండ్లన్నీ మా ఊరి మీదుగానే పోతాయి.

ఇవాళ రెండు సినిమాల గురించి మాట్లాడుకుందాం. ఒకటి తెలుగు, 1987లో వచ్చిన పడమటి సంధ్యారాగం. రెండోది హాలీవుడ్, 1961లో వచ్చిన ఫ్లవర్ డ్రమ్ సాంగ్. మొదటిది మీ ఇంట్లో పెద్దవాళ్ళు చూసే ఉంటారు, అడగండి. రెండోదాని పేరు మీలో చాలామంది విని ఉండరు. ఏం పర్లేదు, కథ నేను చెప్తాను.

ఈ రెండూ ఎందుకు పక్కపక్కన పెడుతున్నానంటే, రెండూ పాటల సినిమాలు. రెండూ నవ్విస్తాయి. రెండింట్లోనూ ఆసియా నుంచి అమెరికా వెళ్ళిన కుటుంబం ఉంది. పిల్లల ప్రేమ ఒక పక్క, తండ్రి పట్టుదల ఇంకో పక్క. ఒకటి చైనా వాళ్ళ కథ, ఒకటి మన కథ. మధ్యలో 26 ఏళ్ళ తేడా. కానీ రెండూ అడిగే ప్రశ్న ఒకటే. ఊరు మారితే మనిషి ఎంత మారాలి? ఇంట్లో అందరూ సమానంగా మారగలరా?

ఈ ప్రశ్న అమెరికాలో ఉన్నవాళ్ళదే అనుకోకండి. మా మండలంలో ఏ వీధిలోకి పోయినా ఒకరి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, ఒకరి అమ్మ కువైట్‌లో ఉంటుంది, ఇంకొకరి అన్న చెన్నైలో ఉంటాడు. వెళ్ళినవాళ్ళ గురించి చాలా సినిమాలు వచ్చాయి. ఉండిపోయినవాళ్ళ గురించి తక్కువ. అక్కడికి చివర్లో వస్తాను.

ముందు మన సినిమా.

పడమటి సంధ్యారాగం డైరెక్టర్ జంధ్యాల. మీమ్స్‌లో మీరు రోజూ చూసే పాత కామెడీ డైలాగుల్లో చాలావాటి వెనక ఉన్న మనిషి ఆయనే. శంకరాభరణానికి మాటలు రాసింది కూడా ఆయనే. హీరోయిన్ విజయశాంతి. అప్పటికి ప్రతిఘటన వచ్చి రెండేళ్ళు అయింది, కర్తవ్యం ఇంకా రాలేదు. తండ్రి ఆదినారాయణ పాత్ర వేసింది గుమ్మలూరి శాస్త్రి. అమెరికాలో ఉంటూ అమెరికా పద్ధతులంటే అస్సలు గిట్టని మనిషి. కూతురి పేరు సంధ్య. పక్కింటి అమెరికన్ కుర్రాడు క్రిస్. సంధ్య, క్రిస్ ప్రేమలో పడతారు. ఇక ఇంట్లో యుద్ధం.

పేరు ఎంత తెలివిగా పెట్టారో చూడండి. పడమర అంటే అమెరికా. సంధ్య అంటే సాయంత్రం, అమ్మాయి పేరు కూడా. రాగం అంటే పాట, అనురాగం కూడా. కథంతా టైటిల్‌లోనే ఉంది.

క్రిస్‌గా వేసిన కుర్రాడు ఎవరో తెలుసా? థామస్ జేన్. 2004లో వచ్చిన ద పనిషర్ సినిమా హీరో. తర్వాత ద మిస్ట్‌లో, ద ఎక్స్‌పాన్స్ సిరీస్‌లో కూడా చేశాడు. ఆయన మొట్టమొదటి సినిమా ఏ హాలీవుడ్ సినిమానో కాదు, మన తెలుగు సినిమా. అప్పటికి ఆయనకి 18 ఏళ్ళు. క్రిస్‌తో పాటు రోనాల్డ్ అని ఇంకో కుర్రాడు ఉంటాడు. అది వేసింది మన డ్రమ్స్ శివమణి. సినిమాలో ఎక్కువ భాగం అమెరికాలోనే తీశారు. 1987లో, ఒక తెలుగు యూనిట్ అక్కడికి పోయి సినిమా తీయడమంటే మామూలు విషయం కాదు.

ఇప్పుడు మన నెల్లూరోళ్ళు కాలర్ ఎగరేసే విషయం. ఈ సినిమాకి సంగీతం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. పాడడమే కాదు, సంగీత దర్శకుడు కూడా ఆయనే. వాళ్ళ నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో వాళ్ళ ఇల్లు. ఆ ఇంటిని బాలు 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆయన పోయారు.

ఈ సినిమాకి బాలు సంగీతం ఎందుకు అంత సరిగ్గా కుదిరిందో నా లెక్క చెప్తాను. ఆయన కూడా వలస వెళ్ళిన మనిషే. నెల్లూరు వాళ్ళకి మొదటి విదేశం అమెరికా కాదు, మద్రాసు. ఇంజనీరింగ్ చదువుకోడానికి మద్రాసు పోయి పాటగాడయ్యారు. 1966లో తెలుగులో తొలి పాట. తర్వాత తమిళం, కన్నడం, హిందీ. తమిళ్ వాళ్ళు మా వాడే అన్నారు, కన్నడిగులు మా వాడే అన్నారు. అంతమందికి సొంతమైనా ఆయన తెలుగు చెక్కుచెదరలేదు. ఒక భాషలో కలిసిపోతే ఇంకో భాష పోవాలన్న రూల్ ఏమీ లేదని చెప్పడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

ఆ సినిమా పాటల్లో కూడా అదే ఉంది. అన్నమయ్య కీర్తన ఉంటుంది. సదాశివ బ్రహ్మేంద్రుల సంస్కృత కీర్తన ఉంటుంది. ఇంగ్లీషు మాటలతో సాగే పాట ఉంటుంది. వేటూరి రాసిన తెలుగు పాటలు ఉంటాయి. ఒకే ఇంట్లో, ఒకే సినిమాలో ఇవన్నీ వినిపిస్తాయి. కథలో తండ్రి ఒప్పుకోని కలయికని పాటలు ముందే ఒప్పేసుకున్నాయి. ఇది గమనించాక ఆ పాటల్ని ఇంకోసారి వినండి, వేరేగా వినిపిస్తాయి.

ఇంకో చిన్న విషయం. పక్కింటి అబ్బాయి, భాష వేరు, రెండు ఇళ్ళకీ పడదు. ఇది మీకు ఎక్కడో తగిలిన కథే కదా? 1978లో కె. బాలచందర్ తీసిన మరో చరిత్ర. అక్కడ అబ్బాయి తమిళుడు, అమ్మాయి తెలుగు, ఊరు విశాఖపట్నం. కమల్ హాసన్, సరిత. అదే కథ 1981లో హిందీలో ఏక్ దూజే కే లియేగా వచ్చింది. అందులో పాడినందుకు బాలుకి జాతీయ అవార్డు వచ్చింది. అంటే 1978లో మన సినిమాకి పరాయివాడు పక్క రాష్ట్రపు తమిళబ్బాయి. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి పరాయివాడు అమెరికన్ అయ్యాడు. పక్కిల్లు అంత దూరం జరిగింది. తండ్రి కోపం మాత్రం ఉన్న చోటే ఉంది.

పడమటి సంధ్యారాగం చివర్లో ఏమవుతుందో నేను చెప్పను. మీరే చూడండి.

సరే, ఇప్పుడు 1961కి పోదాం.

ఫ్లవర్ డ్రమ్ సాంగ్ ముందు నవల. రాసింది సి. వై. లీ. చైనాలో పుట్టి 1943లో అమెరికా వెళ్ళి, శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో ఉండి రాశాడు. 1957లో నవల వచ్చింది, 1958లో న్యూయార్క్ బ్రాడ్వేలో పాటల నాటకం అయింది. పాటలు కట్టింది రాడ్జర్స్, హామర్‌స్టీన్ జంట. ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్ వాళ్ళదే, ఆ పేరు మీరు వినే ఉంటారు. 1961లో హెన్రీ కోస్టర్ దర్శకత్వంలో సినిమా అయింది.

కథ సింపుల్‌గా చెప్తాను. మేయ్ లీ అనే అమ్మాయి, వాళ్ళ నాన్న చైనా నుంచి ఓడలో దొంగచాటుగా శాన్ ఫ్రాన్సిస్కో దిగుతారు. అమ్మాయికి అక్కడ ఒక సంబంధం కుదిరింది. ఫోటో చూసి, కాగితం మీద సంతకాలు పెట్టుకున్న సంబంధం. పెళ్ళికొడుకు సామీ ఫాంగ్, నైట్‌క్లబ్ ఓనరు. ఆయనకేమో క్లబ్బులో డాన్స్ చేసే లిండా లో మీద ప్రేమ. ఈ పల్లెటూరి అమ్మాయిని ఎట్టా వదిలించుకోవాలా అని చూసి, వాంగ్ అనే పెద్దమనిషి ఇంట్లో దింపేస్తాడు. ఆ పెద్దమనిషి పెద్ద కొడుకు వాంగ్ తా. వాడు కూడా లిండా వెనకాలే. మేయ్ లీకి మాత్రం తా అంటే ఇష్టం. మన బాపు గారో జంధ్యాల గారో తీసినా ఇదే వరసలో నడిచేది. అట్టాంటి తికమక కామెడీ.

ఈ ఇంటి పెద్ద, వాంగ్ గారు, నాకు చాలా నచ్చిన పాత్ర. డబ్బు బ్యాంకులో పెట్టడు, ఇంట్లోనే దాచుకుంటాడు. చైనా పద్ధతి తప్పితే ఊరుకోడు. చిన్న కొడుకేమో బేస్‌బాల్ అంటూ తిరుగుతుంటాడు. ఒకరోజు ఈయన్ని దొంగ దోచుకుంటాడు. ఆయన చనిపోయిన భార్య చెల్లెలు మేడమ్ లియాంగ్, బ్యాంకులో పెట్టమని నేను చెప్పలేదా బావా అన్నట్టు చూస్తుంది. ఆవిడ అప్పుడే అమెరికా పౌరసత్వం క్లాసులకి పోయి పాసైన మనిషి. ఈ మేడమ్ లియాంగ్‌ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

ఆ పాసైన సంబరానికి ఇంట్లో పార్టీ ఇస్తారు. అక్కడ చాప్ సూయి మీద ఒక పాట. అమెరికాలో మన బతుకు చాప్ సూయి లాంటిది, అన్నీ కలిసిన వంటకం అని ఆవిడ లెక్క. చాప్ సూయి అమెరికాలో స్థిరపడ్డ చైనా వాళ్ళ హోటళ్ళలో పేరుకెక్కిన కూర. అమెరికన్లు దాన్ని చైనా కూర అనుకుంటారు. చైనాలో దాన్ని అమెరికా కూర అనుకుంటారు.

మనకి అర్థం కావాలంటే సాయంత్రం నెల్లూరులో ఏదైనా బండి దగ్గరికి పోండి. గోబీ మంచూరియా. మంచూరియాలో ఎవరూ అది తినరు! చికెన్ మంచూరియన్ కనిపెట్టింది నెల్సన్ వాంగ్ అనే వంటాయన అని చెప్తారు. కలకత్తాలో పుట్టిన చైనా కుటుంబపు మనిషి, 1970ల్లో ముంబైలో చేశాడు. చైనా నుంచి వలస వచ్చిన వాళ్ళ పిల్లాడు, మన ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయల్లో సోయా సాస్ కలిపాడు. ఇప్పుడు దాన్ని తినే మనం ఎవరమైనా పరాయి కూర అనుకుంటున్నామా? మన సాయంత్రంలో భాగం అయిపోయింది.

ఇక్కడ తెలుగులో మనకి రెండు మాటలున్నాయి. కలిసిపోవడం, కరిగిపోవడం. మంచూరియాలో ఉల్లిపాయ కలిసిపోతుంది, కానీ నోట్లో పెట్టుకుంటే ఇది ఉల్లిపాయ అని తెలుస్తుంది. ఉప్పు కరిగిపోతుంది, చూద్దామన్నా కనపడదు. కొత్త దేశం వాళ్ళు వలస వచ్చినవాళ్ళని కలిసిపోండి అంటారు. చాలాసార్లు వాళ్ళ మనసులో ఉండేది కరిగిపోండి అనే. ఇంట్లో తండ్రి భయపడేది కూడా అదే. బిడ్డ కలిసిపోతే ఆయనకి బాధ లేదు. కరిగిపోతుందేమో అని భయం.

ఆ భయం వట్టిదా? ఆ కాలపు చట్టాలు చూస్తే వట్టిది కాదు. అమెరికా 1882లోనే చైనా కూలీలు రాకూడదని చట్టం చేసింది. 1943లో ఎత్తేసింది. ఎత్తేసి ఏడాదికి ఎంతమందిని రానిస్తామంది? 105 మందిని. భారతీయుల సంగతి కూడా అంతే. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, భారతీయుడు తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడంది. 1946లో దారి తెరిచారు. ఏడాదికి 100 మంది. వంద! మన కొడవలూరు నుంచి నెల్లూరు పోయే రెండు బస్సులు కిక్కిరిస్తే నిండిపోతారు. 1965లో కొత్త చట్టం వచ్చాకే డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో పోవడం మొదలైంది. అట్టా పోయిన తెలుగువాళ్ళే 1977లో తానా మొదటి మహాసభ పెట్టుకున్నారు. ఇంకో పదేళ్ళకి పడమటి సంధ్యారాగం. 1990 చట్టంతో హెచ్ 1బి వీసా, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ అలలు. అంటే ఆ సినిమా వచ్చేటప్పటికి మన జనం అక్కడ చాలా తక్కువ. తలుపు తెరిచి 20 ఏళ్ళు దాటింది, అంతే.

ఫ్లవర్ డ్రమ్ సాంగ్ వాళ్ళకి ఇంకా కష్టం. అందుకే మేయ్ లీ దొంగచాటుగా దిగింది. సినిమా దాన్ని నవ్వుతూ చెప్తుంది, కానీ ఆ నవ్వు వెనక 60 ఏళ్ళు మూసి ఉన్న తలుపు ఉంది.

ఈ సినిమా గొప్ప ఏంటంటే, హాలీవుడ్‌లో పెద్ద స్టూడియో తీసిన సినిమాలో, అమెరికాలో ఆ రోజుల్లో బతుకుతున్న ఆసియా వాళ్ళ కథలో, దాదాపు నటులందరూ ఆసియా మూలాలు ఉన్నవాళ్ళే కావడం. అది మొదటిసారి. అయిదు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. తక్కువేంటంటే, చైనా వాళ్ళుగా వేసినవాళ్ళలో చాలామంది చైనా వాళ్ళు కాదు. మేయ్ లీగా వేసిన మియోషి ఉమెకి జపాన్ ఆవిడ. తాగా వేసిన జేమ్స్ షిగెటా జపాన్ మూలాలున్న హవాయి మనిషి. మేడమ్ లియాంగ్‌గా వేసిన హువానిటా హాల్ నల్లజాతి అమెరికన్ నటి. శాన్ ఫ్రాన్సిస్కోలో నిజం చైనాటౌన్ ఉండగా ఎక్కువ భాగం స్టూడియోలో సెట్ వేసి తీశారు. మద్రాసు నుంచి మనోళ్ళు విమానం ఎక్కి పోయి అమెరికాలో తీస్తే, హాలీవుడ్ వాళ్ళు వాళ్ళ రాష్ట్రంలోనే ఉన్న చైనాటౌన్‌ని సెట్ వేసుకున్నారు!

తర్వాత తరం చైనా అమెరికన్ పిల్లలు ఈ సినిమా మీద కోప్పడ్డారు. మమ్మల్ని బొమ్మల్లా చూపించారు అన్నారు. అందులో నిజం ఉంది. కానీ డేవిడ్ హెన్రీ హ్వాంగ్ అనే చైనా అమెరికన్ నాటక రచయిత ఏం చేశాడో చూడండి. కోపంతో పక్కన పడేయలేదు. పాటలు ఉంచి కథని మళ్ళీ రాశాడు. 2002లో అది బ్రాడ్వేకి వచ్చింది. 2008లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో ఈ సినిమాని దాచుకోవాల్సిన సినిమాగా చేర్చారు. ఒక సినిమాతో తగువు పెట్టుకుంటూనే దాన్ని దాచుకోవచ్చు. నాన్నతో తగువు పెట్టుకుంటూనే నాన్నని ఉంచుకున్నట్టు.

టైటిల్ గురించి ఒక్క మాట. మేయ్ లీ, వాళ్ళ నాన్న దిగిన కొత్తలో వీధిలో చిన్న డోలు వాయిస్తూ పాడతారు. అదే ఫ్లవర్ డ్రమ్, పూల డోలు. చైనాలో ఫెంగ్‌యాంగ్ అనే ప్రాంతం ఈ డోలు పాటలకి పేరు. కరువు వచ్చినప్పుడు అక్కడి పేదవాళ్ళు ఊరు విడిచి, ఈ డోలు వాయిస్తూ ఊరూరా అడుక్కుని తినేవాళ్ళు. అంటే అది పుట్టుకతోనే వలస పాట. అమెరికా పోకముందే ఆ పాట వలస పోయి ఉంది.

ఇప్పుడు ముగింపు. పాత సినిమా కాబట్టి చెప్పేస్తున్నాను. పెళ్ళి రోజు వస్తుంది. కాగితం మీద సంతకం ఉంది కాబట్టి మేయ్ లీ, సామీని చేసుకోక తప్పదు. ఇష్టమున్న తా పక్కనే నిలబడి ఉంటాడు. అప్పుడు మేయ్ లీ నోరు తెరుస్తుంది. నేను ఈ దేశంలోకి దొంగచాటుగా వచ్చాను, కాబట్టి ఈ ఒప్పందం చెల్లదు అంటుంది. పెళ్ళి ఆగుతుంది, జంటలు సరిపోతాయి. ఆ ఐడియా ఆ అమ్మాయికి ఎక్కడిది? టీవీలో. మెక్సికో సరిహద్దు దాటి వచ్చిన అమ్మాయి కథ ఒకటి రాత్రిపూట టీవీలో చూసి నేర్చుకుంది.

ఇక్కడ ఆగండి. సినిమా అంతా అమాయకురాలు, పల్లెటూరి పిల్ల, ఏమీ తెలియదు అనుకున్న అమ్మాయి, తన చిక్కుముడి తానే విప్పుకుంది. చైనా ఒప్పందాన్ని అమెరికా చట్టంతో విప్పింది. కానీ చేసుకున్నది ఎవరిని? పెద్దలు మెచ్చే చైనా ఇంటి అబ్బాయినే. అంటే ఆవిడ కరిగిపోలేదు. కొత్త ఊరి పనిముట్టు తీసుకుని పాత ఇంట్లోనే తనకి కావాల్సిన గది కట్టుకుంది. తెలివి అంటే ఇది.

అయితే రెండు సినిమాల్లోనూ నాకు ఒక లోటు కనపడుతుంది. తండ్రి అడ్డంకి. ఆయన్ని ఒప్పించాలి, లేదా దాటి పోవాలి. ఆయన లోపల ఏం జరుగుతోందో తక్కువ చూపిస్తారు. ఫ్లవర్ డ్రమ్ సాంగ్‌లో తరాల తేడా మీద ఒక పాట ఉంది. ముందు పెద్దవాళ్ళు ఈ పిల్లలు అర్థం కారు అని పాడతారు. తర్వాత అదే బాణీలో పిల్లలు ఈ పెద్దవాళ్ళు అర్థం కారు అని పాడతారు. మంచి ఐడియా. కానీ ఇద్దరూ ఒకే భాషలో పాడుతున్నారు! అసలు ఇళ్ళల్లో కష్టం అక్కడే. బిడ్డకి రెండు భాషలు వచ్చు, తండ్రికి ఒకటే వచ్చు. బిడ్డకి రెండు ఊళ్ళు ఉన్నాయి, తండ్రికి ఒకటే ఊరు. తగువులో ఇద్దరూ సమానంగా నిలబడలేదు.

మా ఇంటి సంగతి చెప్తాను. మా పెదనాన్న కూతురు, మా అక్క, ఎంఎస్ చదవడానికి టెక్సస్ పోయింది. అక్కడే ఉద్యోగం, అక్కడే పెళ్ళి. బావ మెక్సికో నుంచి వచ్చిన కుటుంబంలో టెక్సస్‌లో పుట్టిన మనిషి. విషయం తెలిసిన రోజు పెద్దమ్మ ఏడ్చింది. పెదనాన్న ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఏమీ అనలేదు. పెళ్ళి అక్కడే జరిగింది. మేమందరం ఫోన్లో చూశాం. ఆ రోజు ఆయన నాట్లు ఉన్నాయని పొద్దున్నే చేలోకి పోయినోడు, చీకటి పడ్డాకే వచ్చినాడు.

ఇప్పుడు వాళ్ళ పాపకి నాలుగేళ్ళు. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్. అక్కడ పొద్దున తొమ్మిదిన్నర, చలికాలమైతే ఎనిమిదిన్నర. ఫోన్ పట్టుకునేది నేను. పెద్దమ్మ ఫోన్ ముందు కూర్చుంటుంది. పెదనాన్న అదే గదిలో, కెమెరాకి కనపడని మూల కుర్చీ వేసుకుంటాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఫోన్ ముందుకి రాలేదు. కానీ ఒక్క ఆదివారం కూడా ఆ కుర్చీ ఖాళీగా లేదు. గొంతు తగ్గించి నాతో అంటాడు, "బిడ్డ అన్నం తినిందా అడగరా." నేను అడుగుతాను. పాప చెప్పింది ఆయనకి చెప్తాను.

ఒకరోజు పాప మా పెద్దమ్మని అవ్వా అని పిలిచి, వెంటనే అబ్వేలా అనింది. మేము బిత్తరపోయాం. బావ నవ్వి చెప్పాడు, స్పానిష్‌లో అవ్వని అబ్వేలా అంటారంట. వాళ్ళమ్మని పాప అట్టానే పిలుస్తుంది. అవ్వ, అబ్వేలా. పాపకి రెండూ ఒకే మాట లాగా తగిలినాయి. పెద్దమ్మ, "అయితే ఆమె కూడా అవ్వేనా?" అనింది. మూలన కుర్చీలోంచి నవ్వు వినపడింది. ఫోన్లో అక్క ఆ నవ్వు వినింది. ఏమీ మాట్లాడలేదు, కాసేపు అట్టానే చూస్తా ఉండిపోయింది.

వచ్చే సంక్రాంతికి వస్తామంటున్నారు. పెదనాన్న ఇంకా రమ్మనలేదు, వద్దనలేదు. పోయిన వారం మాత్రం మేస్త్రీని పిలిపించి పెరటి బాత్రూమ్‌కి గీజర్ పెట్టించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన ఒప్పుకున్నాడని నేను చెప్పడం లేదు. రేపు బావ ఎదురుగా నిలబడితే ఏం చేస్తాడో నాకు తెలియదు. ఆదినారాయణ పాత్రని చూసి నవ్వుకునే మనం, ఇంట్లో ఆదినారాయణ ఉంటే ఏం చేయాలో అంత తేలిగ్గా చెప్పలేం.

అందుకే మేడమ్ లియాంగ్‌ని గుర్తు పెట్టుకోమన్నాను. ఆవిడ ఏం చేసింది? పౌరసత్వం పరీక్ష పాసైంది, చైనా దుస్తులు విడిచిపెట్టలేదు. పిల్లలకి బావ కోపం ఏంటో చెప్పింది, బావకి బ్యాంకు ఏంటో చెప్పింది. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేర్చింది. ఆవిడే లేకపోతే ఆ ఇల్లు రెండుగా చీలిపోయేది. వలస వెళ్ళిన ప్రతి ఇంటికీ అట్టాంటి మనిషి ఒకరు కావాలి.

ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న మీలో చాలామంది మీ ఇంట్లో ఆ మనిషి. మీకు తెలియకపోవచ్చు. ఇంట్లో వీడియో కాల్ పెట్టేది మీరే. అత్త పంపిన ఇంగ్లీషు మెసేజ్ చదివి తాతకి చెప్పేది మీరే. వీసా అపాయింట్‌మెంట్ బుక్ చేసేది మీరే. అది చిన్న పని అనుకోకండి. మాట అటూ ఇటూ చేర్చేటప్పుడు మీ చేతిలో చాలా ఉంటుంది. తాత కోపంగా అన్న మాటని ఉన్నదున్నట్టు దాటిస్తారా, దాని వెనక ఉన్న దిగులుని దాటిస్తారా? నేనైతే మా పెదనాన్న మాట ఒక్కటి కూడా మార్చను. కానీ "బిడ్డ అన్నం తినిందా" అన్నది పెదనాన్నే అడిగాడని ప్రతిసారీ చెప్తాను. పేరు పెట్టి చెప్తాను. అక్కకి అది తెలియాలి.

ఇంకొకటి. మీలో కొందరు రేపు వెళ్ళేవాళ్ళు. కోచింగ్‌లో ఉన్నారు, కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్నారు. 2000లో శేఖర్ కమ్ముల మొదటి సినిమా డాలర్ డ్రీమ్స్ వచ్చింది. పోవాలా వద్దా అని కొట్టుకునే కుర్రాళ్ళ కథ. పోవాలనుకుంటే పోండి, నేను వద్దనను. పోయేముందు ఇంట్లో ఒక్క పని చేసి పోండి. మీ తర్వాత ఫోన్ ఎవరు పట్టుకుంటారో చూసుకోండి. తమ్ముడికో చెల్లికో నేర్పండి. ఇంకా మంచిది, అమ్మానాన్నలకే నేర్పండి. కెమెరాకి కనపడని మూలలో కూర్చునే మనిషి మీ ఇంట్లో కూడా ఒకరు ఉంటారు. ఆ మనిషి అడిగే ప్రశ్న దాటించే గొంతు ఒకటి ఇంట్లో మిగలాలి.

సరే, ఇవాల్టికి ఇంతే. ఈ వారం పడమటి సంధ్యారాగం చూడండి, వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి చూడండి. చూస్తున్నప్పుడు తండ్రి వచ్చే సీన్లలో స్క్రీన్‌ని కాకుండా మీ నాన్న మొహాన్ని ఒకసారి చూడండి. ఎక్కడ నవ్వాడు, ఎక్కడ నవ్వలేదు, కింద కామెంట్లలో రాయండి. ఒక్కొక్కటీ చదువుతాను. నచ్చితే ఊళ్ళో ఉన్న ఒకరికి, ఊరు దాటిపోయిన ఒకరికి షేర్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను.